ప్రమాణం రాయని జవాబు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు ఒకటే మాట చెప్పారు. జ్ఞాపకాలు చెప్పేవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు, నువ్వు మాత్రం నీ పని గురించి చెప్పు, మాస్టార్లకు కూడా అర్థమయ్యేలా చెప్పు అన్నారు. మాస్టార్లకు అర్థం కాదేమోనన్న దిగులు నాకు లేదు. నేను చెప్పబోయేది వాళ్లు నేర్పిందే. కాకపోతే యంత్రానికి అది నేర్పడానికి మా ఇంజనీర్లకు చాలా ఏళ్లు పట్టింది.

నేను హైదరాబాదులో ఇన్ఫ్యూజన్ పంపులకు ప్రోగ్రాములు రాసే బృందాన్ని చూసుకుంటాను. ఐసీయూలో మంచం పక్కన స్టాండుకు బిగించి, చిన్న తెరతో, అప్పుడప్పుడూ కుయ్యిమంటూ ఒక పెట్టె ఉంటుంది చూడండి, అదే. సీసాలో ఉన్న మందును గంటకు ఇన్ని మిల్లీలీటర్లని లెక్కకట్టి రక్తనాళంలోకి పంపుతుంది. ఆ లెక్కలో కూడికలు, గుణింతాలు తప్పడం ఎప్పుడూ జరగదు. తప్పేది అంకె పక్కన ఉండాల్సిన మాట. మిల్లీగ్రామా మైక్రోగ్రామా, నిమిషానికా గంటకా అన్నది. ఆ మాట గురించే ఈ అరగంట.

ఈ బడిలో లెక్కల పరీక్షలో జవాబు 45 అని రాసి పక్కన ప్రమాణం రాయకపోతే అర మార్కు పోయేది. "నలభై అయిదు ఏంట్రా, గేదెలా?" అని అడిగేవారు. సైన్సులో ఇంకాస్త గట్టిగా ఉండేది. సూత్రంలో అంకెలతో పాటు ప్రమాణాలు కూడా వేసి, పైనా కిందా కొట్టేసి, చివరికి సెకనుకు మీటర్లు మిగిలితేనే పూర్తి మార్కు. అప్పట్లో అది పిసినారితనం అనుకునేవాళ్లం.

మన ఊరు ఎక్కడుందో మీకు తెలుసు. కోదాడ వైపు పిల్లలూ, జగ్గయ్యపేట వైపు పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చున్న బడి ఇది. అటు వాళ్ల పొలాలు ఎకరాలు గుంటల్లో, ఇటు వాళ్లవి ఎకరాలు సెంట్లలో. ఎకరానికి 40 గుంటలు, అదే ఎకరానికి 100 సెంట్లు. కాగితం మీద మాత్రం ఇద్దరూ ఒకేలా రాస్తారు: 1.25 అని. అటు దానికి అర్థం ఎకరం పాతిక గుంటలు. ఇటు ఎకరం పాతిక సెంట్లు.

మా బంధువుల ఇంట్లో ఒకసారి పంపకాలు జరిగాయి. అటువైపు పొలం. రెండు ముక్కలు, ఒక్కొక్కటి 1.25. చదువుకున్న కుర్రాడు స్ప్రెడ్‌షీట్‌లో వేసి కూడాడు. 2.50 వచ్చింది. రెండున్నర ఎకరాలన్నాడు. తెర మీద వచ్చింది కదా, అందరూ తలూపారు. ఇంటి పెద్దాయన ఒక్కడే వేళ్ల మీద లెక్కపెట్టి కాదన్నాడు. పాతికా పాతికా యాభై గుంటలు, అందులో నలభై ఒక ఎకరం, మిగిలింది పది. మొత్తం మూడెకరాల పది గుంటలు. రెండున్నర ఎకరాలంటే రెండెకరాల ఇరవై గుంటలే కదా, తేడా 30 గుంటలు. గుంటకు 121 చదరపు గజాలు. అంటే 3,630 గజాల నేల ఆ కూడికలో మాయమైంది. అన్నదమ్ములు దశాబ్దాల పాటు మాట్లాడుకోకుండా ఉండటానికి మన వైపు అంతకంటే తక్కువ నేల చాలు.

తమాషా ఏమిటంటే, అవే రెండు ముక్కలు ఇటువైపు ఉండి ఉంటే 2.50 సరైన జవాబే. రెండెకరాల యాభై సెంట్లు. అంకెలు అవే, కూడిక అదే, యంత్రం అదే. ఒకవైపు ఒప్పు, ఇంకోవైపు తప్పు. ఏది ఒప్పో ఏది తప్పో తేల్చే సమాచారం మొత్తం ఆ రాయని మాటలో ఉంది.

(ఇక్కడే ఇంకో మాట. మనం గజం అన్న ఒకే మాటతో పొడవునూ చెబుతాం, విస్తీర్ణాన్నీ చెబుతాం. రోడ్డు వైపు పది గజాలు, ప్లాటు రెండు వందల గజాలు. మొదటిది గీత, రెండోది పలక. తులం సంగతీ అంతే. పాత లెక్క ప్రకారం తులం 11.66 గ్రాములు, ఇవాళ కొట్లో తులమంటే 10 గ్రాములు. అమ్మేవాడికీ కొనేవాడికీ తెలుసు కాబట్టి నడిచిపోతోంది. కంప్యూటర్‌కు ఎవరూ చెప్పలేదు.)

నిజానికి కంప్యూటర్‌కు ఏదీ తెలియదు. దాని లోపల 5 అంటే 5. అది అయిదు కిలోమీటర్లా, అయిదు కిలోగ్రాములా, అయిదు రూపాయలా అన్నది దానికి పట్టదు. కిలోమీటర్లలో నుంచి కిలోగ్రాములు తీసెయ్యమంటే మారు మాట్లాడకుండా తీసేస్తుంది. కాగితం మీద లెక్క చేసే పిల్లవాడు కనీసం ఒక్క క్షణం ఆగుతాడు. ఇది ఆగదు.

కాగితం మీద చేసినా ఆగని సందర్భాలున్నాయి. 1983 జూలై 23న కెనడాలో జరిగింది చెబుతాను. ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767, మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్ వెళ్లాలి. ప్రయాణానికి కావాల్సిన ఇంధనం 22,300 కిలోలు. ఆ రోజు విమానంలో ఇంధనం కొలిచే పరికరం పనిచేయడం లేదు కాబట్టి, ట్యాంకులో ఎంత ఉందో కడ్డీతో కొలిచారు. 7,682 లీటర్లు తేలింది. ఇంకెన్ని లీటర్లు పొయ్యాలి అన్నదే లెక్క. మన ఎనిమిదో తరగతి లెక్క.

లీటర్లను బరువులోకి మార్చడానికి 1.77తో గుణించారు. 13,597 వచ్చింది. 22,300లో నుంచి తీసేస్తే 8,703. మళ్లీ 1.77తో భాగిస్తే సుమారు 4,917 లీటర్లు. అంత పోశారు. కూడికలో, తీసివేతలో ఎక్కడా దోషం లేదు. కానీ ఆ 1.77 లీటరు ఇంధనం ఎన్ని పౌన్లు తూగుతుందో చెప్పే అంకె. కిలోల్లో అయితే అది సుమారు 0.8. పాత విమానాలన్నీ పౌన్లలో లెక్క, ఈ కొత్త 767లు కిలోల్లో. కిలోల్లో సరిగా చేసి ఉంటే పొయ్యాల్సింది దాదాపు 20,000 లీటర్లు. 22,300 కిలోలు ఉన్నాయనుకున్న విమానం 22,300 పౌన్లతో, అంటే సగం కంటే తక్కువ ఇంధనంతో ఎగిరింది.

41,000 అడుగుల ఎత్తులో హెచ్చరికలు మోగాయి. కాసేపటికి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు ఇంజన్ లేని గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. అంత పెద్ద విమానాన్ని గాలిలో తేలుస్తూ గిమ్లీ అనే ఊళ్లో మూతపడిన వాయుసేన స్థావరం రన్‌వే మీద దించాడు. ఆ రన్‌వేని అప్పటికే కార్ల పందేలకు వాడుకుంటున్నారు, ఆ రోజు జనం కూడా ఉన్నారు. విమానంలో 69 మంది. ఒక్కరి ప్రాణం కూడా పోలేదు. ఆ పైలట్ నేర్పు గురించి సినిమా తీశారు. నాకు మాత్రం ఎప్పుడూ ఆ కాగితం మీదికే ధ్యాస పోతుంది. 1.77 పక్కన "లీటరుకు పౌన్లు" అన్న రెండు మాటలు రాసి ఉంటే, పౌన్లను కిలోల్లో నుంచి తీసేస్తున్నామని ఎవరికో ఒకరికి కనబడేది.

నా ఉద్యోగంలో నేను తెలుసుకున్నది ఒకటుంది. వెయ్యి రెట్ల తప్పుకు నేను పెద్దగా భయపడను. మా పంపులో ఎవరైనా మైక్రోగ్రాముల చోట మిల్లీగ్రాములు వేస్తే గంటకు 11 మిల్లీలీటర్ల బదులు 11,000 వస్తుంది. పంపు అంత తోడలేదు, గంట మోగించి ఆగిపోతుంది. నర్సు కూడా నవ్వుతుంది. భయపడాల్సింది రెండింతలు, నాలుగింతల తప్పుకు. పౌనుకూ కిలోకూ 2.2 రెట్లు. ఎకరం గుంటల కూడికలో రెండున్నరకూ మూడుంపావుకూ తేడా. అవి చూడ్డానికి సరైన జవాబుల్లాగే ఉంటాయి. ఇంట్లోదే చూడండి. పసిపిల్లలకిచ్చే పారాసిటమాల్ చుక్కల మందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 ఉండే రకం ఉంది, అంటే మిల్లీలీటరుకు 25. నాలుగింతల తేడా. "ఆ జ్వరం మందు ఒక మిల్లీ వెయ్యి" అని ఫోన్లో అమ్మమ్మకు చెబితే ఏ సీసా అన్నది ఆ మాటలో లేదు. సరైన జవాబులా కనబడే తప్పును కంటితో పట్టలేం. పరీక్ష పెట్టి పట్టడమూ కష్టమే, ఎందుకంటే ఫలితం నమ్మేలా ఉంటుంది. దాన్ని లెక్క మొదలవ్వకముందే పట్టాలి.

అది ఎలా కుదురుతుందో ఇప్పుడు చెబుతాను.

మేం రాసే ప్రోగ్రాము నేరుగా యంత్రానికి పోదు. మధ్యలో కంపైలర్ అనే ఇంకో ప్రోగ్రాము దాన్ని చదివి, యంత్రం భాషలోకి మారుస్తుంది. మార్చేముందు తప్పులు దిద్దుతుంది. అందులో ముఖ్యమైనది టైపులు చూడటం. టైపు అంటే ఈ విలువ ఏ రకానిది అన్న చీటీ. ఇది అంకె, ఇది పేరు, ఇది తేదీ. పేరును అంకెతో గుణించమని రాస్తే, ప్రోగ్రాము నడవకముందే "ఇది కుదరదు" అని ఆ పంక్తి నంబరుతో సహా చెప్పేస్తుంది. ఇది యాభై అరవై ఏళ్లుగా ఉన్నదే. అయితే అన్ని అంకెలకూ ఒకటే చీటీ: "అంకె". మీటర్లయినా, పౌన్లయినా, రూపాయలైనా అదే చీటీ.

ఆ చీటీ మీద ప్రమాణం కూడా రాస్తే? ఈ ఆలోచన చాలామందికి వచ్చింది. దాన్ని గణితపరంగా సరిగ్గా నిలబెట్టినవారిలో ముఖ్యుడు ఆండ్రూ కెనడీ. కేంబ్రిడ్జిలో ఆయన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం, 1996 నాటిది, దీని మీదే. తర్వాత ఆయన మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో పనిచేశారు. అక్కడ పుట్టిన ఎఫ్ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఈ పద్ధతి భాషలో భాగంగానే చేరింది. ఆ భాషలో అంకె రాసి, పక్కనే కోణపు బ్రాకెట్లలో ప్రమాణం రాయవచ్చు. 100 మీటర్లు, 9.8 సెకన్లు అని రాసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించమంటే జవాబు చీటీ మీద "సెకనుకు మీటర్లు" అని కంపైలరే రాసుకుంటుంది. ఆ రెండింటినీ కూడమంటే ఒప్పుకోదు.

లోపల జరిగేది మన ఎనిమిదో తరగతి ఘాతాంక న్యాయాలే. ప్రతి ప్రమాణానికీ ఒక ఘాతాంకం. మీటర్లు అంటే మీటరు ఘాతం 1. చదరపు మీటర్లు అంటే మీటరు ఘాతం 2. వేగం అంటే మీటరు ఘాతం 1, సెకను ఘాతం మైనస్ 1. గుణిస్తే ఘాతాంకాలు కూడాలి, భాగిస్తే తీసెయ్యాలి, వర్గమూలం తీస్తే సగం చెయ్యాలి. కూడికకు, తీసివేతకు, పోలికకు రెండువైపులా ఘాతాంకాలన్నీ సమానంగా ఉండాలి. ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్‌లో మితి విశ్లేషణ అని చదివామే, అచ్చంగా అదే. కెనడీ ఇంకో అడుగు వేశారు. ప్రతిచోటా ప్రమాణం రాయక్కర్లేదు. కొన్నిచోట్ల రాస్తే చాలు, మిగతావాటి ఘాతాంకాలను తెలియని రాశులుగా పెట్టుకుని, సమీకరణాలు సాధించి కంపైలరే కనుక్కుంటుంది. నాకు ఆ భాగం మొదటిసారి చదివినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. యంత్రం కూర్చుని మన హోంవర్కు చేస్తున్నట్టుంటుంది.

ఇంత చేస్తే ప్రోగ్రాము నెమ్మదించదా అని మా కుర్రాళ్లు అడుగుతారు. నెమ్మదించదు. స్లాబు వేసేటప్పుడు కింద సెంట్రింగు కొడతారు. కాంక్రీటు గట్టిపడ్డాక చెక్కలన్నీ ఊడదీసి పట్టుకుపోతారు. ఇల్లు మీద ఆ చెక్కల బరువు ఉండదు. అలాగే కంపైలర్ ప్రమాణాలన్నీ సరిచూశాక వాటిని తుడిచేసి, ఒట్టి అంకెలనే యంత్రానికి పంపుతుంది.

ఎఫ్ షార్ప్ వాడేవాళ్లు తక్కువే అనుకోండి. మేం పంపుల్లో వాడేది సి ప్లస్ ప్లస్. అందులో 2011 నుంచి కాలానికి మాత్రం ఇలాంటి ఏర్పాటు భాషతో పాటే వస్తోంది. అది ఎందుకు కావాల్సి వచ్చిందో ఒక్క ఉదాహరణ. ప్రోగ్రామును కాసేపు ఆగమని చెప్పడానికి యూనిక్స్‌లో "స్లీప్" అనే ఆజ్ఞ ఉంది. విండోస్‌లోనూ అదే పేరుతో ఉంది. బ్రాకెట్లో 5 రాస్తే యూనిక్స్‌లో అయిదు సెకన్లు ఆగుతుంది, విండోస్‌లో అయిదు మిల్లీసెకన్లు. కొత్త పద్ధతిలో ఒట్టి 5 రాస్తే తీసుకోదు. ఏ అయిదో చెప్పాలి. సెకన్లు ఇస్తే మిల్లీసెకన్లలోకి తనే మార్చుకుంటుంది. పూర్ణాంకాల మిల్లీసెకన్లను సెకన్లలోకి మార్చాల్సి వస్తే మాత్రం ఆగి మనల్ని అడుగుతుంది, ఎందుకంటే 1,500 మిల్లీసెకన్లను సెకను చేస్తే 500 రాలిపోతాయి. పోగొట్టుకునేముందు అడగడం నాకు చాలా నచ్చిన మర్యాద.

ఇక మా పంపు. డోపమిన్ అనే మందు ఉంది, రక్తపోటు పడిపోయినవారికి ఇస్తారు. డాక్టరు గారు రాసేది ఇలా ఉంటుంది: రోగి బరువులో కిలోకి, నిమిషానికి, 5 మైక్రోగ్రాములు. రోగి 60 కిలోలు. సీసాలో 250 మిల్లీలీటర్లలో 400 మిల్లీగ్రాముల మందు. పంపుకు కావాల్సింది గంటకు ఎన్ని మిల్లీలీటర్లు. సీసాలో మిల్లీలీటరుకు 1,600 మైక్రోగ్రాములు అన్నమాట. 5ని 60తో, మళ్లీ 60తో గుణిస్తే 18,000. దాన్ని 1,600తో భాగిస్తే 11.25. గంటకు 11.25 మిల్లీలీటర్లు.

ఈ లెక్కలో రెండు 60లున్నాయి, గమనించారా? ఒకటి రోగి బరువు, ఒకటి గంటకు నిమిషాలు. ప్రోగ్రాము చదివేవాడికి ఏది ఏదో తెలియదు. "ఇదేంటి రెండుసార్లు రాశారు" అని ఎవరైనా ఒకటి కొట్టేస్తే? ప్రమాణాల చీటీలుంటే, బరువు కొట్టేసినా, నిమిషాలు కొట్టేసినా జవాబు చీటీ మారిపోతుంది. గంటకు మిల్లీలీటర్లు అడిగే పంపు దాన్ని తీసుకోదు. ఆ ప్రోగ్రాము తయారే కాదు, ఆసుపత్రి దాకా పోయే ప్రశ్నే లేదు.

ఇక్కడ పుస్తకంలో లేని చిక్కు ఒకటి మాకు ఎదురైంది. మందు మైక్రోగ్రాములూ ద్రవ్యరాశే, మనిషి కిలోలూ ద్రవ్యరాశే. మితి విశ్లేషణ ప్రకారం పైనా కిందా కొట్టేయవచ్చు. "కిలోకి నిమిషానికి 5 మైక్రోగ్రాములు" అన్నది ఒట్టి "నిమిషానికి ఇంత" అయిపోతుంది. ఫిజిక్స్ దృష్టిలో అది ఒప్పే. రోగి దృష్టిలో కాదు. మనిషి బరువును మందు బరువుతో కొట్టేయకూడదు. అందుకని మేం మందు గ్రామును, మనిషి కిలోను వేరువేరు ప్రమాణాలుగా ప్రకటించాం. వాటి మధ్య మార్పిడి సూత్రం ఇవ్వనే లేదు. ప్రమాణాలు ప్రకృతి నియమాలు మాత్రమే కావు, ఏది దేనితో కలవకూడదో మనం పెట్టుకునే హద్దులు కూడా అని నాకు అప్పుడు తెలిసింది.

వేరే బృందం ఎన్నో ఏళ్ల కిందట రాసిన పాత ప్రోగ్రాము ఒకటి మా చేతికి వచ్చినప్పుడు, దాన్నంతా ఇలా ప్రమాణాలతో తిరగరాయాలని నేను పట్టుబట్టాను. నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకడం అన్నారు పైవాళ్లు. న్యాయమైన మాటే, నిరూపించాల్సింది నేనే. చివరికి మూడు నెలలు ఇచ్చారు. చీటీలు తగిలించడం మొదలుపెట్టగానే కంపైలర్ పేజీల కొద్దీ అభ్యంతరాలు చెప్పింది. చాలావరకు నిరపాయమైనవి. ఒక్కటి మాత్రం కాదు. బయటి దేశం నుంచి వచ్చే రోగి వివరాల్లో బరువు పౌన్లలో ఉండవచ్చు. ఒక దారిలో దాన్ని కిలోల్లోకి మార్చారు, ఇంకో దారిలో మార్చలేదు. ఆ రెండో దారి ఇంకా ఏ ఆసుపత్రిలోనూ వాడుకలోకి రాలేదు. 2.2 రెట్లు. పంపు గంట మోగించేంత పెద్దది కాదు, నర్సు నవ్వేంత పెద్దదీ కాదు. దాన్ని కనిపెట్టింది మా బృందంలోకి అప్పుడే చేరిన అమ్మాయి. ఆమె మాటల్లో చెప్పాలంటే "నేను కనిపెట్టలేదు సార్, అది కంపైల్ అవ్వలేదు, అంతే".

ఇంత చెప్పాను కాబట్టి ఇది చేయలేనిది కూడా చెప్పాలి. కంపైలర్ చీటీని నమ్ముతుంది. గిమ్లీ లెక్కలో 1.77 పక్కన "లీటరుకు కిలోలు" అని తప్పుడు చీటీ తగిలిస్తే కంపైలర్ చక్కగా ఒప్పుకునేది. కాబట్టి అలాంటి మార్పిడి అంకెలు ప్రోగ్రాము మొత్తంలో ఒక్కచోటే ఉండాలి, వాటిని నలుగురు చూసి ఉండాలి. ఇంకొకటి, చీటీ ప్రోగ్రాము గుమ్మం దాటి బయటికి పోదు.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్. నాసా 1998 డిసెంబరులో ప్రయోగించిన అంగారక నౌక. దారిలో చిన్న చిన్న థ్రస్టర్లు మండించినప్పుడల్లా ఎంత తోపు తగిలిందో, ఫిజిక్స్ భాషలో ప్రచోదనం, భూమి మీద ఒక ప్రోగ్రాము లెక్కకట్టి ఫైలులో రాసేది. దారి చూసే బృందం ఆ ఫైలు చదువుకునేది. ఒప్పందం ప్రకారం అది న్యూటన్ సెకన్లలో ఉండాలి. రాసిన ప్రోగ్రాము పౌండ్ ఫోర్స్ సెకన్లలో రాసింది. తేడా 4.45 రెట్లు. ప్రతిసారీ తోపు కొద్దిగానే, కాబట్టి నెలల తరబడి ఎవరికీ స్పష్టంగా తేలలేదు, లెక్కలు కాస్త కుదరడం లేదని కొందరికి అనుమానం వచ్చినా. 1999 సెప్టెంబరు 23న అంగారకుడి ఉపరితలానికి 226 కిలోమీటర్ల ఎత్తులో పోవాల్సిన నౌక 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగి, వాతావరణంలో చిక్కి పోయింది.

ప్రమాణాల టైపులు ఉంటే ఇది జరిగేది కాదని పుస్తకాల్లో రాస్తారు. నేను ఒప్పుకోను. రాసిన ప్రోగ్రాము లోపల పౌన్లు పౌన్లతో సక్రమంగానే కలిసి ఉంటాయి. చదివిన ప్రోగ్రాము లోపల న్యూటన్లు న్యూటన్లతో. పోయింది మధ్యలో ఉన్న ఫైలులో. అక్కడ ఉన్నవి ఒట్టి అంకెలు. మా పంపులకు వచ్చే, పోయే ప్రతి సందేశంలోనూ అంకెతో పాటు ప్రమాణం కూడా ఉండి తీరాలని, లేకపోతే ఆ సందేశాన్ని తిప్పికొట్టాలని మేం నియమం పెట్టుకున్నది అందుకే. దీనికి టైపులు అక్కర్లేదు, మొండితనం కావాలి.

ఇంత మంచిదైతే అందరూ ఎందుకు వాడరు అని అడగవచ్చు. బద్ధకం ఒక కారణం. సి ప్లస్ ప్లస్‌లో చిన్న తప్పుకు కంపైలర్ మూడు పేజీల తిట్లు తిడుతుంది, అది ఇంకో కారణం. కానీ ఉద్యోగానికి వచ్చే పిల్లల్ని ఇంటర్వ్యూ చేస్తాను కదా, నాకు కనబడే కారణం వేరు. ఇక్కడ కూర్చున్న ఉపాధ్యాయులు నన్ను మన్నించాలి. ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలే. లెక్క ఇస్తే మెరుపులా చేస్తారు, అంకె చెబుతారు, ఆగిపోతారు. "ఏమిటివి?" అని అడిగితే ఒక్క క్షణం అర్థం కాదు. వాళ్ల తప్పు కాదు. నాలుగు జవాబులు ముందే అచ్చువేసి ఇచ్చే పరీక్షలో ప్రమాణం ఆ నాలుగింటి పక్కనా ఉంటుంది. ఓఎంఆర్ షీటు మీద గుండ్రం దిద్దితే చాలు. జవాబును అంకెగా టైపు చేసే ప్రశ్నల్లోనూ ప్రమాణం ప్రశ్నలోనే ఇచ్చేస్తారు, పిల్లవాడు అంకె మాత్రం కొడతాడు. ఆరో తరగతి నుంచి అదే సాధన. పరీక్ష పెట్టే పద్ధతిని మీరూ నేనూ మార్చలేం. తరగతి గదిలో రాసే నోటుపుస్తకం మాత్రం ఇంకా మీ చేతిలోనే ఉంది, అర మార్కు కూడా.

మన బడి కంప్యూటర్ గదిలో ఉన్న యంత్రాలకు ఎఫ్ షార్ప్ సరిపోతుంది. అది ఉచితం. ఒప్పుకుంటే సంక్రాంతి సెలవుల తర్వాత నెలకో శనివారం వచ్చి తొమ్మిదో తరగతి పిల్లలతో కూర్చుంటానని ప్రధానోపాధ్యాయులు గారికి చెప్పాను.

(సభలో అడిగిన ఒక ప్రశ్నను, దానికి ఇచ్చిన జవాబును కూడా చేర్చమని సంచిక సంపాదకులు కోరారు.)

లెక్కల మాస్టారు గారు అడిగింది: "సున్నాకు ప్రమాణం ఏమిటి? సున్నా మీటర్లకు, సున్నా కిలోలకు తేడా ఉందా?"

మాస్టారూ, ఇది కెనడీ గారి సిద్ధాంతంలోనే ఉన్న ప్రశ్న. మిగతా ఏ అంకె అయినా ప్రమాణం మారిస్తే మారుతుంది. ఒక కిలోమీటరు వెయ్యి మీటర్లు. సున్నా మాత్రం మారదు. సున్నా కిలోమీటర్లు, సున్నా మీటర్లు, సున్నా గజాలు ఒకటే పొడవు. అందుకని సున్నా ఏ చీటీనైనా పెట్టుకోవచ్చు. ఎఫ్ షార్ప్‌లో సున్నా పక్కన ప్రమాణం చోటును ఒక గీతతో ఖాళీగా వదిలేస్తే, సందర్భాన్ని బట్టి అది మీటర్లా కిలోలా అని కంపైలర్ పోల్చుకుంటుంది. ఒకసారి పోల్చుకున్నాక మాత్రం సున్నా మీటర్లను కిలోలతో కూడనివ్వదు.

దీనికి లొంగనిది ఉష్ణోగ్రత. సున్నా డిగ్రీల సెల్సియస్ 32 డిగ్రీల ఫారెన్‌హీట్. ఇక్కడ సున్నా అంటే "ఏమీ లేదు" అని కాదు, ఎక్కడి నుంచి కొలుస్తున్నామో ఆ గుర్తు మాత్రమే. అందుకని ఉష్ణోగ్రతకు రెండు టైపులు కావాలి, ఒకటి "ఇప్పుడు ఎంత", ఇంకొకటి "ఎంత పెరిగింది". తేదీల్లాగే. ఒక తేదీలో నుంచి ఇంకో తేదీ తీసేస్తే రోజులు వస్తాయి, తేదీకి రోజులు కలపవచ్చు, తేదీకి తేదీ కలపలేం. జనవరిలో తెల్లవారుజామున 20 డిగ్రీలు ఉండి, మేలో మధ్యాహ్నం 40 ఉంటే రెండింతల వేడి అనబుద్ధవుతుంది. అదే రెండింటినీ ఫారెన్‌హీట్‌లో రాస్తే 68, 104. కెల్విన్‌లో 293, 313.